సూసన్న నేర్పిన ఏడు వరుసలు

మా ఎదురింటావిడ సూసన్న గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే రాసేవాణ్ణి కాదు. ముప్పై ఆరేళ్లు ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరుగా ఎవరో ఒకరు చెప్పిన పనే చేశాను. ఇప్పుడు ఎవరైనా పని చెబితే ఒళ్లు మండుతుంది. ఇది నా అంతట నేనే రాస్తున్నాను. ఆ మనిషి మీద నాకు కొంచెం కోపం ఉంది, బోలెడు గౌరవం ఉంది, రెండూ లోపల పెట్టుకుని కూర్చోవడం నా వల్ల కావడం లేదు.

పూరీ గేట్ దగ్గర సన్నటి సందు మాది. ఇటు మా ఇల్లు, అటు వాళ్లిల్లు. సూసన్నకి యాభై దగ్గర పడ్డాయి. ఆమె తాత భీమిలి వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, కోపం వస్తే హిందీ మాట్లాడుతుంది. పొద్దున్నే పది మందికి వండి, క్యారేజీలు సైకిలుకి తగిలించుకుని, ప్రేమ్ బజార్‌లో అద్దె గదుల్లో ఉండి చదువుకునే తెలుగు పిల్లలకి ఇచ్చి వస్తుంది. సాంబారు పల్చగా ఉందని ఒకడు అంటే, "నీ సదువు సిక్కగా ఉంటే సాలు, తిను" అందట. వాడు నెల తిరక్కుండా ఇంకో ఇద్దరిని భోజనానికి చేర్పించాడు.

ఆదివారం మాత్రం వంట లేదు. న్యూ సెటిల్‌మెంట్‌లో వాళ్ల తెలుగు చర్చి ఉంది, అక్కడ సండే స్కూలు టీచరమ్మ. పిల్లలకి బైబిలు వాక్యాలు కంఠతా పట్టించే పోటీలు పెడతారు. సూసన్న చేతిలో పడ్డ పిల్లకి ఇక ఆ వాక్యం మరిచిపోయే భాగ్యం లేదు. రాగం కడుతుంది, చేతులు ఊపిస్తుంది, వెనక నుంచి ముందుకి చెప్పిస్తుంది, నిద్ర లేపినా చెప్పాలంటుంది. పోటీలకి ముందు ఆ సాధనంతా వాళ్ల అరుగు మీదే. మా ఆవిడ సింహాచలమ్మ పొద్దున్నే సింహాద్రి అప్పన్నకి దీపం పెడుతూ ఆ వాక్యాలే గొణుక్కుంటుంది. సగంలో గుర్తొచ్చి నాలిక కరుచుకుంటుంది.

దేవుడితో సూసన్న మాట్లాడే తీరు ఇంకెక్కడా వినలేదు నేను. మా సందులో గోడలు పలచన, కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి, కాబట్టి వినకుండా ఉండటం కుదరదు. "ప్రభువా, నిన్న సెప్పిందే ఇయాల మళ్లీ సెప్తన్నాను, ఇసుక్కోకు" అని మొదలుపెడుతుంది. గ్యాస్ బండ రాకపోతే అదీ చెబుతుంది. మోకాళ్ల నొప్పులు ఎక్కువైనప్పుడు, "ఎడమది సూసినావు, సంతోషం. కుడిది కూడా నువ్వు సేసిందే కదా, దాన్నెందుకు ఒగ్గీసినావు?" అని అడగడం నా చెవులారా విన్నాను. ఒకసారి ఉండబట్టలేక నవ్వేశాను.

"నవ్వండి అన్నయ్యా, తప్పు నేదు. ఆయన మాత్రం పొద్దస్తమానం ఏడుపులే వింటాడేటి? ఒకరైనా మామూలుగా మాట్లాడాలి కదా" అంది కిటికీలోంచి.

ఇక ఆమె భర్త విల్‌ఫ్రెడ్. రైలు డ్రైవరు. ఇప్పుడు లోకో పైలట్ అనాలట, మాకు డ్రైవరే. యాభై మూడేళ్లు. వాళ్ల నాన్న ఆవిరి ఇంజన్లకి బొగ్గు వేసినవాడు. విల్‌ఫ్రెడ్ టాటా వైపు, బాలాసోర్ వైపు ప్యాసింజరు బళ్లు నడిపేవాడు. మితభాషి. ఇంజను గురించి అడిగితే మాత్రం టీ చల్లారిపోయే దాకా ఆపడు. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. మందులు వేసుకుంటాడు, పైన రసగుల్లాలూ వేసుకుంటాడు.

పోయిన వానాకాలం నుంచి అతని తీరు మారింది. టీ కప్పు పక్కన బల్ల మీద టీ పోశాడు ఒకరోజు. మా ఆవిడని చూసి "ఏంజలిన్, అప్పుడే వచ్చినావేటి?" అన్నాడు. ఏంజలిన్ వాళ్ల కూతురు, మేదినీపూర్‌లో నర్సు, రోజూ లోకల్ రైల్లో వెళ్లి వస్తుంది, ఇరవై నాలుగేళ్ల పిల్ల. అరవై దాటిన సింహాచలమ్మ ఆ రోజంతా ముసిముసిగా నవ్వుకుంటూ తిరిగింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. సాయంత్రం అతన్ని పూరీ గేట్ టీ కొట్టుకి తీసుకెళ్లి నిలదీశాను.

"కంటి వెనకాల నరాల్లో రక్తం కారతందట అన్నా," అన్నాడు. బయట ఎవరో డాక్టరుకి గుట్టుగా చూపించుకున్నాడట. "సూదులు పొడుస్తన్నారు. ఉన్న సూపు నిలబడితే గొప్ప, పోయింది రాదు అన్నాడు."

"మరి బండి ఎలాగ నడుపుతున్నావురా?"

"పక్కన అసిస్టెంటు ఉంటాడు కదా. సాయికుమార్ అని, మంచి కళ్లు."

రైలింజనులో ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు దాని రంగు గట్టిగా చెప్పాలి, డ్రైవరు కూడా తన కళ్లతో చూసి అదే మాట తిరిగి చెప్పాలి. ఇద్దరూ చూశారని దానికి అర్థం. విల్‌ఫ్రెడ్ వానాకాలం నుంచి విని చెబుతున్నాడు.

పైగా ఫిబ్రవరి మొదట్లో అతనికి వైద్య పరీక్ష ఉంది. ఆ వయసు డ్రైవర్లకి రెండేళ్లకోసారి రైల్వే ఆసుపత్రిలో చేస్తారు. కళ్ల దగ్గర తప్పితే ఇంజను దిగిపోవాలి. ఉద్యోగం ఊడదు, ఏదో ఆఫీసులో కూర్చోబెడతారు. ఆ మాటే అన్నాను ధైర్యం చెప్పబోయి.

"కూకోబెడతారు," అన్నాడు. "ముప్పై ఏళ్లు బండి నడిపినాను. ఇంజను దిగిపోతే నేనెవణ్ణి అన్నా?"

రిటైరైన రోజు నుంచి నాకూ అదే ప్రశ్న.

ఈ సంగతి ఇంట్లో చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు. కానీ పరీక్షకి మూడు వారాల ముందు సూసన్నే మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో పాత గోడ క్యాలెండరు చుట్ట, చంకలో పొడుగాటి చీపురు.

"అన్నయ్యా, మీ దగ్గర టేపు ఉన్నాదా? కొలిసేది?"

ఫిట్టరు దగ్గర టేపు ఉందా అని అడిగితే ఎలా ఉంటుంది? "ఏం కొలవాలి?" అన్నాను.

"ఆరు మీటర్లు. ఒక్క అంగుళం తేడా రాకూడదు."

తన కళ్లద్దాల కోసమని అదే రైల్వే ఆసుపత్రికి వెళ్లి, కుర్చీలో కూర్చుని, ఎదురుగా గోడ మీదున్న అక్షరాల చార్టుని చూసి వచ్చిందట. ఏడు వరుసలు, పైన ఒక్కటే పెద్ద ఇంగ్లీషు అక్షరం, కిందికి వచ్చే కొద్దీ చిన్నవీ ఎక్కువా. ఐదు నిమిషాల్లో మొత్తం కంఠతా పట్టేసింది. అంత జ్ఞాపకం ఆమెది. ఇంటికొచ్చి క్యాలెండరు వెనక తెల్ల వైపు నల్ల స్కెచ్ పెన్నుతో అచ్చు గుద్దినట్టు దించింది.

"నీకు తెలుసా అయితే?" అన్నాను.

"అన్నయ్యా, మొగుడు సొక్కా తిరగేసి తొడుక్కుని డ్యూటీకెల్తే పెళ్లానికి తెలీదేటి?" అంది.

నేను ఆ క్షణంలో ఏం ఆలోచించానో నిజం చెప్పాలంటే, ఏమీ ఆలోచించలేదు. ఆరు మీటర్లు అనగానే టేపు తీశాను. వాళ్ల తలుపు దగ్గర్నుంచి సందు దాటి మా అరుగు మీదికి కొలిస్తే సరిగ్గా మా రెండో స్తంభం దగ్గర పడింది. సుద్దముక్కతో గీత గీసి, కుర్చీ వేశాను. పని కుదిరిందని సంతోషం కూడా వేసింది.

మర్నాటి నుంచి డ్యూటీ లేని ప్రతి సాయంత్రం ఇదే పని. క్యాలెండరు వాళ్ల తలుపు మేకుకి, విల్‌ఫ్రెడ్ మా అరుగు మీద, సూసన్న చార్టు పక్కన చీపురు పుల్ల పట్టుకుని. సందులో వాళ్లు సండే స్కూలు అనుకున్నారు. "టీచర్ దీదీ, దాదా కూడా పోటీలో ఉన్నాడా?" అని పక్కింటి బెంగాలీ ఆవిడ అడిగింది.

మొదటి వారం విల్‌ఫ్రెడ్ బుర్రకి ఒక్క వరుస ఎక్కలేదు. సూసన్నకి తల ప్రాణం తోకకి వచ్చింది. పదేళ్ల పిల్లలకి పేజీలకి పేజీలు ఎక్కించిన మనిషి, మొగుడికి నాలుగు అక్షరాలు ఎక్కించలేక చీపురు పుల్ల విరిచేసింది. తర్వాత కిటుకు దొరికింది. డ్రైవరుకి అక్షరాలు గుర్తుండవు, స్టేషన్లు గుర్తుంటాయి. హెచ్ అంటే హౌరా, టి అంటే టాటానగర్, డి అంటే దాంతన్, ఎన్ అంటే నారాయణ్‌గఢ్. ఒక్కో వరుసా ఒక్కో లైను. జెడ్‌కి స్టేషన్ దొరక్కపోతే, "అది ఊరి బయట ఆపేసిన బండి అనుకోండి, వంకర్లు తిరిగి నిలబడింది" అంది. ఆ దెబ్బతో విల్‌ఫ్రెడ్ దూసుకుపోయాడు. కుడికన్ను, ఎడమకన్ను, ముందు నుంచి, వెనక నుంచి, మధ్యలో ఎక్కడ అడిగినా తడుముకోవడం లేదు. వాళ్లిద్దరూ అంత నవ్వుకోవడం నేను ఏళ్ల తరబడి చూడలేదు. వినీ వినీ నాకూ వచ్చేసింది. స్నానం చేస్తూ నారాయణ్‌గఢ్ దగ్గర ఆగి మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి.

పరీక్ష ఇంకో తొమ్మిది రోజులుందనగా, ఆదివారం సాయంత్రం. కొద్దిగా గాలి ఉంది. సూసన్న లోపల పాలు కాచుకుంటోంది. నేనూ సింహాచలమ్మా మా అరుగు మీదున్నాం. విల్‌ఫ్రెడ్ కుర్చీలో కూర్చుని, అరచేత్తో ఎడమకన్ను మూసుకుని, "మొదలెడతన్నాను" అని కేకేశాడు. పైనుంచి కిందికి ఏడు వరుసలూ గుక్క తిప్పుకోకుండా చదివేశాడు. ఒక్క తప్పు లేదు.

భేష్ అందామని తలుపు వైపు చూశాను. గాలికి క్యాలెండరు తిరగబడి ఉంది. అక్షరాలు తలుపు వైపున్నాయి, మా వైపు బొమ్మ ఉంది. పచ్చగడ్డి, దాని నిండా గొర్రెలు, మధ్యలో కర్ర పట్టుకుని కాపరి. విల్‌ఫ్రెడ్ గొర్రెల మందని చూస్తూ ఏడు వరుసలు చదివాడు.

ముందు సింహాచలమ్మ నవ్వింది. "తమ్ముడూ, జెడ్డు ఏ గొర్రె మీదున్నాదో సెప్పు" అని కొంగు నోట్లో కుక్కుకుంది. నాకూ ఆగలేదు, పొట్ట పట్టుకున్నాను. ఏం జరిగిందో తెలియకుండానే విల్‌ఫ్రెడ్ కూడా నవ్వాడు. గోల విని సూసన్న గరిటెతో బయటికి వచ్చి, తలుపు చూసి, గుమ్మం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

అలా నవ్వుతూనే అడిగింది. "ఏటండీ, ఇప్పుడు రెండు కళ్లతో సూసి సెప్పండి. తలుపు మీద ఏటున్నాది?"

విల్‌ఫ్రెడ్ చెయ్యి తీసేసి, కుర్చీలో ముందుకి వంగాడు. కనుబొమలు ముడిచాడు. ఇంకా మంచి వెలుతురు ఉంది.

"చార్టే కదే," అన్నాడు. "ఏటి, కాదేటి?"

లోపల పాలు పొంగి పొయ్యి మీద పడుతున్న చప్పుడు వినిపిస్తున్నా సూసన్న కదల్లేదు. ఆరు మీటర్ల దూరంలో గొర్రెల మంద కనబడనివాడు రేపు పొద్దున వెయ్యి మందిని వెనక కూర్చోబెట్టుకుని వెళతాడు. రెండు వారాల నుంచి దానికి టేపు పట్టుకుని కొలతలు వేసి పెట్టింది నేను.

ఆ రాత్రి భోజనాలకి ముందే వాళ్లింట్లో గొడవ మొదలైంది. ఏంజలిన్ ఆసుపత్రి డ్యూటీలో ఉంది. నన్ను కేకేస్తే వెళ్లాను. సూసన్న క్యాలెండరుని నాలుగు మడతలు పెట్టి ఒళ్లో పెట్టుకుంది.

"ఇది తప్పండీ. నేనే మొదలెట్టినాను, నేనే ఆపుతన్నాను. సూపు తగ్గింది అనుకున్నాను గానీ, ఇంతని అనుకోనేదు."

"సాయికుమార్ ఉన్నాడు కదే," అన్నాడు విల్‌ఫ్రెడ్.

"సిగ్నల్ వచ్చినప్పుడు వాడికి తుమ్ము వస్తే?"

"ఏటా మాటలు?"

"తుమ్ము వస్తాదండీ మనిషికి. మన ఏంజలిన్ రోజూ లోకల్ ఎక్కుతాది. ఆ డ్రైవరుకి కళ్లు కనబడతాయనే కదా మనం పంపతన్నాం. వాడి పెళ్లాం కూడా ఇలగే ఇంట్లో కూకుని వాడికి అక్షరాలు నేర్పుతందని తెలిస్తే, పిల్లని పంపుతారేటి మీరు?"

విల్‌ఫ్రెడ్ నా వైపు తిరిగాడు. ఇక్కడ నేను చేసింది రాయడానికి సిగ్గుగా ఉంది. నేను అతని పక్షమే మాట్లాడాను. ముప్పై ఏళ్ల అనుభవం, లైనంతా అరచేతిలో ఉన్నట్టు తెలుసు, ఇంకో రెండేళ్లు నెట్టుకొస్తే ఏం పోతుంది అన్నాను. అతని మొహం చూడలేక అన్నాను. సూసన్న ఒళ్లోని క్యాలెండరుని ఇంకో మడత పెట్టింది. నన్ను తిట్టినా బాగుండేది.

"పరీక్షకి నేనెల్తాను. పాసవుతాను," అని విల్‌ఫ్రెడ్ లేచిపోయాడు.

ఆ బుధవారం వాళ్లింట్లో కూడిక. వారానికొక ఇంట్లో ఇరుగుపొరుగు చేరి పాడుకుని, ప్రార్థన చేసుకుని, చివర శనగలూ టీ తీసుకుని వెళతారు. మేం వాళ్ల మతం కాకపోయినా శనగల దగ్గర ఏ భేదం పాటించం, నేనూ మా ఆవిడా ఎప్పుడూ వెళతాం. ఒక్కొక్కరూ తమ కష్టం చెప్పుకుంటే అందరూ దాని కోసం ప్రార్థిస్తారు. ఆ రోజు పాస్టరు రాలేదు, సూసన్నే నడిపింది. ఒకావిడ, "వచ్చే మంగళవారం విల్‌ఫ్రెడ్ బ్రదరుకి మెడికల్ ఉన్నాదట, పాసవ్వాలని ప్రార్థన సేద్దాం" అంది. విల్‌ఫ్రెడ్ మూల కుర్చీలో తల వంచుకున్నాడు.

సూసన్న కళ్లు మూసుకుంది. తర్వాత మొదలుపెట్టింది.

"ప్రభువా, ఆవిడ అడిగింది నువ్వు ఇనకు. మా ఆయనకి కనబడితే పాస్ సెయ్యి, కనబడకపోతే వొద్దు. మద్దిలో నా తెలివి పెట్టి నీ పని సెడగొట్టినాను. ఇంతమంది పిల్లలకి నేర్పినాను, ఎవరూ మరిసిపోకూడదని నిన్ను యేదించినాను. ఇప్పుడు తిరగేసి అడుగుతన్నాను. నేను మా ఆయనకి నేర్పిందంతా ఆయన మరిసిపోవాలి. ఒక్క అచ్చరం కూడా మిగల్చకు. ఆయనకి నా మీద కోపం వస్తాది. రానీ, అది నేను పడతాను."

ఆమెన్ అనడానికి అందరూ తడబడ్డారు. ఏమిటిదంతా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. విల్‌ఫ్రెడ్ లేచి, చెప్పులు తడుముకుని, బయటికి వెళ్లిపోయాడు. పది మంది ముందు కట్టుకున్న పెళ్లాం తన ఓటమి కోరుకుందని అతని బాధ. ఆ రోజు నుంచి ఆమెతో మాట మానేశాడు. అన్నం పెడితే తిన్నాడు, డ్యూటీకి వెళ్లాడు, వచ్చాడు, పడుకున్నాడు. సూసన్న వంట చేసింది, క్యారేజీలు మోసింది, కిటికీలోంచి నాకు ఒక్క నవ్వు వినిపించలేదు.

నేను మాత్రం సింహాద్రి అప్పన్నకి అతను పాసవ్వాలనే మొక్కుకున్నాను. ఒకే మనిషి గురించి ఎదురెదురిళ్ల నుంచి రెండు దరఖాస్తులు వెళ్లాయి, రెండూ ఒకదానికొకటి అడ్డం. పైన ఏ గుమస్తా చేతిలో పడ్డాయో అనుకున్నాను.

మంగళవారం పొద్దున విల్‌ఫ్రెడ్ నన్ను తోడు రమ్మన్నాడు. ఆటోలో దారంతా అతని పెదాలు కదులుతూనే ఉన్నాయి. మరిచిపోలేదని నాకు అర్థమైంది. ఆసుపత్రిలో రక్తం, గుండె, చెవులు అన్నీ అయ్యాయి. చివరికి కళ్ల గది. తలుపు బార్లా తెరిచి ఉంది, నేను ఎదురు బెంచీ మీద కూర్చున్నాను. డాక్టరు చిన్న వయసు బెంగాలీ అమ్మాయి. గోడ మీద అదే చార్టు, పైన అదే పెద్ద అక్షరం. హమ్మయ్య అనుకున్నాను. అప్పన్న నా మాట విన్నాడు.

ఆమె అతని ఎడమకన్నుకి అడ్డం పెట్టి, పైనుంచి చదవమని హిందీలో చెప్పింది.

విల్‌ఫ్రెడ్ మొదటి అక్షరం చెప్పాడు. తర్వాత ఆగిపోయాడు. బెంచీ మీద నేను లోపల్లోపల టాటానగర్, దాంతన్ అనుకుంటున్నాను. గొంతు దాటి వస్తుందేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"పైనున్నది కనబడుతోంది మేడమ్. కిందవి కనబడటం లేదు," అన్నాడు.

"తొందరేం లేదు. ఎలా ఉన్నట్టు అనిపిస్తే అలా చెప్పండి," అందామె.

"చెప్పమంటే అన్నీ చెప్పగలను మేడమ్. ఆఖరి వరుస దాకా తప్పు లేకుండా చెప్పగలను. కానీ అవి చూసి చెప్పేవి కాదు."

ఆమె మెల్లగా, "అలాగే కూర్చోండి దాదా," అని రెండో కన్నుకి అడ్డం మార్చింది.

నాకు ఒళ్లు మండిపోయింది, దాచుకోను. రెండు వారాల కష్టం, నా టేపు, నా కొలత, అంతా బూడిదలో పోసిన పన్నీరైంది. ఆ కోపం ఎంతసేపో నిలవలేదు. బయటికి వస్తూ విల్‌ఫ్రెడ్ మెట్టు దగ్గర ఆగి నా భుజం పట్టుకున్నాడు. ఇన్ని నెలల్లో మెట్టు కనబడటం లేదని అతను ఒప్పుకోవడం అదే మొదలు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆటోలో ఒకే మాట అడిగాను. "ఎందుకురా?"

"మొన్న బాలాసోర్ నుంచి వస్తుంటే సాయికుమార్ దగ్గినాడన్నా," అన్నాడు. "ఒక్క దగ్గు. మూడు నాలుగు సెకన్లు వాడు రంగు సెప్పనేదు. ఆ మూడు సెకన్లు నాకేటి కనబడిందో తెలుసా? ఏటీ కనబడనేదు. పచ్చే అని తరవాత సెప్పినాడు."

సందులోకి వచ్చేసరికి సూసన్న గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఆ రోజు క్యారేజీలు మా ఆవిడ చేత పంపించిందట. మమ్మల్ని చూసి లేవలేదు. ఏమైందని అడిగే ధైర్యం లేదని ఆమె వేళ్లు చెబుతున్నాయి, అదే గింజని మళ్లీ మళ్లీ తీస్తోంది.

విల్‌ఫ్రెడ్ ఆమె ముందు నిలబడ్డాడు.

"నీ పార్దన పని సెయ్యనేదే సూసీ," అన్నాడు. ఆరు రోజుల్లో ఆమెతో మాట్లాడటం అదే మొదలు. "ఒక్కటీ మరిసిపోనేదు. ఏడు వరసలూ ఉన్నాయి బుర్రలో. ఇంకెప్పటికీ పోవేమో కూడా."

సూసన్న మొహం పాలిపోయింది. "అయితే పాసయ్యారేటి?"

"నేదు. కనబడ్డం నేదని సెప్పేసినాను. రేపట్నించి ఇంజను ఎక్కను."

సూసన్న నా వైపు తిరిగి, "సూసినారా అన్నయ్యా, నేనడిగినట్టు ఎప్పుడు సేసినాడు గనక ఆ ప్రభువు" అంది. నవ్వబోయింది, అది ఏడుపైపోయింది. చింతపండు చేతుల్తోనే కళ్లు తుడుచుకుని, మండి, ఇంకా ఏడ్చింది. నేను వెళ్లిపోవాల్సింది. వెళ్లలేదు.

"మీకు ఒకటి సెప్పాల," అంది విల్‌ఫ్రెడ్‌తో. "మీరు తిట్టినా సరే. వానాకాలం కాణ్ణించి మీ కోసం నేను ఒక్క పార్దన కూడా సెయ్యనేదు. మీరు డ్యూటీకెల్లిన పతీసారీ మీ వెనక పెట్టెల్లో కూకున్నోళ్ల కోసమే సేసినాను. వాళ్లని ఇంటికి సేర్చు, వాళ్లని ఇంటికి సేర్చు అని. మీ పేరు ఎత్తడానికి నోరు రానేదు. వాళ్లందరూ అయ్యాక అప్పుడు మీ గురించి అడుగుదామనుకునేదాన్ని. ఎప్పుడూ తెల్లారిపోయేది."

విల్‌ఫ్రెడ్ చెయ్యి చాచి గోడ ఎక్కడుందో చూసుకుని, మెల్లగా ఆమె పక్కన గుమ్మంలో కూర్చున్నాడు.

"ఇప్పుడడుగు," అన్నాడు. "బండిలో ఎవరూ నేరు. నేనిక్కడే ఉన్నాను."